మేనేజర్ టీ బ్యాచ్‌లో మీరు లేరా?

సాయంత్రం 4 అయ్యేసరికి మా ఫ్లోర్‌లో ముగ్గురు లేచేవాళ్లు. ఎవరూ ఎవర్నీ పిలిచేవాళ్లు కాదు. మేనేజర్ ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు వినిపిస్తే చాలు, ముగ్గురూ ఐడీ కార్డులు జేబులో పెట్టుకుని లిఫ్ట్ దగ్గర రెడీ. గచ్చిబౌలిలో మా ఆఫీసు గేటుకి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర ఓ అరగంట. అల్లం టీ, ఉస్మానియా బిస్కెట్లు, నిన్నటి ఐపీఎల్ మ్యాచ్. వాళ్లు తిరిగొచ్చేసరికి ఏదో ఒక కొత్త పని, వాళ్లలో ఎవరో ఒకరి పేరు మీద ఖాయమైపోయి ఉండేది.

ఆ ముగ్గురికీ ఆయన 'అన్న'. మిగతావాళ్లకి పేరు చివర 'గారు'. ఆయన పిలుపు కూడా అలాగే ఉండేది. వాళ్లని 'ఏరా' అనేవారు, నన్ను 'మీరు' అనేవారు. ఊళ్లో 'మీరు' అంటే గౌరవం. మా టీమ్‌లో మాత్రం 'మీరు' అంటే బయటివాళ్లని అర్థం.

నాకప్పటికి రెండున్నరేళ్ల ఎక్స్‌పీరియన్స్. మా క్లయింట్ సిస్టమ్‌లో రోజూ రాత్రి నడవాల్సిన ప్రాసెస్ ఒకటి ఉండేది. అది మధ్యలో ఆగిపోతే తెల్లారేలోపు సరిచేయాలి. ఆ ఏడాది ఆ డ్యూటీ ఎక్కువసార్లు నా మీదే పడింది. సంక్రాంతికి ఊరెళ్తే, అందరూ డాబా మీద గాలిపటాలు ఎగరేస్తుంటే, నేను సిగ్నల్ కోసం అదే డాబా మీద ఓ మూల ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నా. మా అమ్మ అరిసెలు ప్లేట్లో పెట్టి అక్కడికే తెచ్చిచ్చింది.

ఏప్రిల్‌లో లెటర్లు వచ్చాయి. నాకు 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్', 6 శాతం హైక్. టీ బ్యాచ్‌లో నా వయసువాడే ఒకడున్నాడు, అతనికి పైన రేటింగ్, దాంతోపాటు ప్రమోషన్. ఇద్దరం ఒకే రోజు జాయినయ్యాం. ఒకే ట్రైనింగ్ రూమ్‌లో పక్కపక్కన కూర్చున్నాం.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి "ఏరా, ఎంత పెరిగింది?" అన్నారు. "ఇంకా లెటర్ రాలేదు నాన్నా" అని అబద్ధం చెప్పా. చెల్లి పెళ్లికి లోన్ ఎంత వస్తుందో నా జీతం చూసే లెక్క వేస్తున్నారాయన. ఆఫీసులో ఫేవరిటిజం అంటే చిన్నబుచ్చుకోవడం ఒక్కటే కాదని నాకు ఆ ఫోన్ కాల్‌లో అర్థమైంది.

రాత్రి ఒంటిగంటకి రాసిన మెయిల్

నిద్ర పట్టక హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ రాశా. మూడు పేజీలు. అందులో టీ బండి ఉంది, 'అన్న' ఉంది, వీకెండ్ బాక్స్ క్రికెట్ ఉంది, ఆ కుర్రాడు నాకంటే ఎంత ఆలస్యంగా ఆఫీసుకొస్తాడో టైమ్‌తో సహా ఉంది. సెండ్ నొక్కలేదు. పొద్దున్నే మా టీమ్‌లోని సీనియర్ అక్కకి చూపించా. పన్నెండేళ్ల అనుభవం ఆవిడది. ఇద్దరు పిల్లలు, సాయంత్రం 6 కల్లా క్యాబ్ ఎక్కాలి. టీ బ్యాచ్‌లో ఏనాడూ లేరు.

మొత్తం చదివి, "బాగానే రాశావు తమ్ముడూ, పంపకు" అన్నారు. తర్వాత మూడు ప్రశ్నలడిగారు.

"ఆ అబ్బాయి ఈ ఏడాది చేసిన పని రేటింగ్‌కి తగ్గదా?"

ఆలోచించా. క్లయింట్ కోసం కొత్త డాష్‌బోర్డ్ కట్టాడు. వాళ్ల ముందు డెమో ఇచ్చాడు. బాగా చేశాడు. కాదనలేకపోయా.

"అదే పని నీకిస్తే చేసేవాడివా?"

"చేసేవాడినే అక్కా."

"మరి నాకివ్వండని ఎప్పుడైనా అడిగావా?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇవ్వాలని అనుకున్నా, ఇస్తారని ఎదురుచూశా. నోరు తెరిచి మాత్రం అడగలేదు.

"రేటింగ్ ఏప్రిల్‌లో రాస్తారు తమ్ముడూ. అది తేలిపోయేది ముందు జూన్‌లో, పని ఎవరికిచ్చారో ఆ రోజే. నువ్వు ఏప్రిల్‌లో కొట్లాడితే ఏం లాభం?" అన్నారావిడ.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. అన్యాయం లెటర్ వచ్చిన రోజు జరగదు. పది నెలల ముందే, పని పంచేటప్పుడు జరుగుతుంది. కాబట్టి మన ప్రయత్నం కూడా అక్కడే మొదలవ్వాలి.

మేనేజర్లు ఎందుకిలా చేస్తారు?

'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు' అని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. మేనేజ్‌మెంట్ చదువుల్లో దీనికి పెద్ద పేరే ఉంది: లీడర్ మెంబర్ ఎక్స్చేంజ్ థియరీ. 1970లలో జార్జ్ గ్రేన్, ఆయనతో పనిచేసిన పరిశోధకులు దీన్ని ప్రతిపాదించారు. బాస్ టీమ్‌లో అందర్నీ ఒకేలా చూడడని, ప్రతి ఒక్కరితో వేరే రకం సంబంధం ఉంటుందని వాళ్లు చెప్పారు. కొందరు ఇన్‌గ్రూప్, మిగతావాళ్లు అవుట్‌గ్రూప్. లోపలివాళ్లకి నమ్మకం, సమాచారం, మంచి పని. బయటివాళ్లకి రూల్ బుక్ ప్రకారం ఎంతో అంత. ఈ విభజన చాలాసార్లు కొత్తలోనే జరిగిపోతుంది.

ఇంకోటి హేలో ఎఫెక్ట్. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకి ఇచ్చిన మార్కులు పరిశీలించాడు. తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, నడవడిక, అన్నీ వేర్వేరు విషయాలు. కానీ ఒకదాంట్లో మంచి మార్కులు పడినవాడికి మిగతావాటిలోనూ పడిపోతున్నాయి. మన ఆఫీసుల్లోనూ అంతే. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు కోడ్ కూడా బాగా రాస్తాడని అనేసుకుంటారు.

దీనికి తోడు బెల్ కర్వ్. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ హయాంలో పేరుమోసిన పద్ధతి: పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10. అందరూ బాగా చేసినా అందరికీ పై రేటింగ్ ఇవ్వడం కుదరదు. మైక్రోసాఫ్ట్ 2013లో ఇలాంటి ర్యాంకుల పద్ధతిని వదిలేసింది. అడోబీ అంతకు ముందే, 2012లో, ఏడాదికోసారి జరిపే అప్రైజల్‌నే తీసేసింది. అయినా మన దగ్గర చాలా కంపెనీల్లో ఏదో ఒక రూపంలో ఈ కోటా నడుస్తూనే ఉంది.

అది నడిచే గది పేరు క్యాలిబ్రేషన్ మీటింగ్. నాలుగైదు టీమ్‌ల మేనేజర్లు కూర్చుని, ఉన్న కాసిన్ని పై రేటింగుల కోసం తమ వాళ్ల గురించి వాదించుకుంటారు. అక్కడ మనం ఉండం. మేనేజర్‌కి ఆ నిమిషంలో మన గురించి ఏం గుర్తొస్తే అదే మన ఏడాది మొత్తం. డెమో ఇచ్చినవాడి గురించి చెప్పడానికి ఓ కథ ఉంటుంది. రాత్రుళ్లు సిస్టమ్ ఆగకుండా చూసినవాడి గురించి ఏం చెప్తారు? 'ఏమీ జరగలేదు' అనా? నిజానికి ఏమీ జరగకుండా చూడటమే నా పని. కానీ జరగని గొడవని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇదంతా మేనేజర్లని వెనకేసుకురావడానికి చెప్పట్లేదు. డెడ్‌లైన్ తరుముతుంటే, ఎదురుగా టీ తాగుతున్నవాడికి పని ఇచ్చేయడం ఆయనకి సులువు. ఆ సులువుకి మూల్యం కట్టేది మాత్రం మనం.

ముందు ఇది ఫేవరిటిజమేనా?

కోపంలో ఉన్నప్పుడు అన్నీ అలాగే కనిపిస్తాయి. నాకూ కనిపించాయి. అందుకే ఒక నెల రోజులు చూసి, రాసుకుని, అప్పుడు ఒక అభిప్రాయానికి రండి. చూడాల్సినవి ఇవి.

ఒకే తప్పుకి రెండు స్పందనలు ఉన్నాయా? వాడి కోడ్ వల్ల ప్రొడక్షన్ పడిపోతే "అవుతుంటాయి లేరా", మీ వల్ల పడిపోతే నలుగురున్న మెయిల్‌లో క్లాసు పీకుతున్నారా?

రూల్స్ మనిషిని బట్టి మారుతున్నాయా? వర్క్ ఫ్రమ్ హోమ్, లీవులు, షిఫ్టులు అందరికీ ఒకే లెక్కనా?

సమాచారం ముందు కొందరికే చేరుతోందా? కొత్త ప్రాజెక్టు వస్తోందని, ఆన్‌సైట్ ఖాళీ ఉందని మీకు తెలిసేసరికి పేరు ఖరారైపోతోందా?

మీరు చేసిన పని పైవాళ్ల ముందు వేరేవాళ్ల పేరుతో వినిపిస్తోందా?

వీటిలో రెండు మూడు పదేపదే జరుగుతుంటే మీ అనుమానం నిజమే. ఒక్కసారి ఒక్కటి జరిగితే అది ఫేవరిటిజం కాకపోవచ్చు. అవతలివాళ్లకి ఆ టెక్నాలజీ మనకంటే బాగా తెలిసి ఉండొచ్చు. ఒక గడ్డు సమయంలో నిలబడి నమ్మకం సంపాదించి ఉండొచ్చు. అది వాళ్ల కష్టం. దాన్ని చూసి ఏడవకూడదు, నేర్చుకోవాలి.

నేను చేసిన నాలుగు పనులు

మొదటిది, రాసుకోవడం. ఫోన్ నోట్స్‌లో ప్రతి శుక్రవారం ఐదు నిమిషాలు. ఏం చేశాను, దానివల్ల ఎవరికి ఏం మేలు జరిగింది, ఎంత టైమ్ మిగిలింది. 'టికెట్లు క్లోజ్ చేశాను' అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'రాత్రి ప్రాసెస్ తరచూ ఆగిపోవడానికి కారణం కనిపెట్టి సరిచేశాను, ఆ తర్వాత రెండు నెలలు ఒక్కసారీ ఆగలేదు' అని రాస్తే అదొక కథ. నెలాఖర్న అందులోంచి ముఖ్యమైన ఐదు లైన్లు తీసి మేనేజర్‌కి మెయిల్ పెట్టడం మొదలుపెట్టా. మొదట్లో సిగ్గేసింది, సొంత డబ్బా అనిపించింది. కానీ క్యాలిబ్రేషన్ మీటింగ్‌కి వెళ్లే మనిషి చేతికి కాగితం అందించడం కూడా మన పనిలో భాగమే. అక్క మాటల్లో చెప్పాలంటే, "ఆయనకి గుర్తుండదు తమ్ముడూ. గుర్తు చేస్తే తప్పేం లేదు."

రెండోది, అడగడం. ఎలా అడగాలన్నది ముఖ్యం. "వాడికెందుకిచ్చారు?" అంటే మేనేజర్ తనని తాను కాపాడుకునే పనిలో పడతారు. మాట అక్కడితో చెడుతుంది. నేను వన్ ఆన్ వన్‌లో ఇలా అడిగా: "వచ్చే క్వార్టర్‌లో రిపోర్ట్స్ మాడ్యూల్ కొత్తగా కడుతున్నారని విన్నాను. దాని డిజైన్ నేను చేస్తానండీ. ఇప్పుడు ఇవ్వలేమంటే, ఏం నేర్చుకుంటే ఇస్తారో చెప్పండి."

మొదటిసారి ఆయన "చూద్దామండీ" అన్నారు. ఆ 'చూద్దాం'కి అర్థం మనందరికీ తెలుసు. కానీ అదే సాయంత్రం ఒక చిన్న మెయిల్ పెట్టా. మీరు టైమ్ ఇచ్చినందుకు థ్యాంక్స్, రిపోర్ట్స్ మాడ్యూల్ గురించి మాట్లాడుకున్నాం, ఈలోగా ఫలానా కోర్సు పూర్తి చేస్తాను, వచ్చే నెల మళ్లీ మాట్లాడదాం. అంతే. గొంతులో కోపం లేదు. కానీ తేదీతో సహా రికార్డు ఉంది. నెల తర్వాత మళ్లీ అడిగా. మూడోసారి అడిగినప్పుడు సగం మాడ్యూల్ ఇచ్చారు. మిగతా సగం టీ బ్యాచ్‌కే వెళ్లింది, అనుకోండి. అయినా సగం సగమే కదా.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆఫీసులో అమ్మ కూడా ఉండదు.

మూడోది, మేనేజర్ ఒక్కరి కళ్లలోనే కాకుండా ఇంకో నలుగురికి కనిపించడం. పక్క టీమ్‌ వాళ్ల సమస్య ఒకటి తీర్చా. నెలకోసారి జరిగే టెక్ సెషన్‌లో రాత్రి ప్రాసెస్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడా. చేతులు వణికాయి. కానీ ఆ తర్వాత ఆర్కిటెక్ట్ ఒకాయన నా సీటు దగ్గరికొచ్చి ఇంకో సందేహం అడిగారు. ఒకరు వడ్డించకపోతే ఆకలితో ఉండిపోయే పరిస్థితి తెచ్చుకోకూడదు.

నాలుగోది అన్నిటికంటే కష్టం. ఆ కుర్రాడిని ద్వేషించకపోవడం. వాడు నాకేం అన్యాయం చేయలేదు. పిలిస్తే టీకి వెళ్లాడు, ఇస్తే పని చేశాడు. కొన్నాళ్లు వాడితో మాట్లాడటం మానేశా. నష్టపోయింది నేనే. కొత్త డాష్‌బోర్డ్ కోడ్ గురించి వాడికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఓ రోజు క్యాంటీన్‌లో నేనే వెళ్లి పక్కన కూర్చున్నా. వాడే అన్నాడు, "అన్న వీకెండ్ కూడా ఫోన్ చేస్తాడు మామా. కాదంటే ఎక్కడ పక్కన పెట్టేస్తాడోనని భయం." ఫేవరెట్‌గా ఉండటం కూడా ఒక డ్యూటీయే అని ఆ రోజు తెలిసింది.

మరి నేను కూడా టీకి వెళ్తే సరిపోయేదా? అదీ చేశా, నిజం చెప్తున్నా. రెండుమూడుసార్లు వెళ్లా. తప్పేం లేదు, బాస్‌తో నాలుగు మాటలు మాట్లాడితే అది భజన అయిపోదు. కానీ టీ బండి దగ్గరికి రాలేనివాళ్లు ప్రతి టీమ్‌లో ఉంటారు. 6 గంటల క్యాబ్ పట్టుకోవాల్సిన అక్క ఉంటారు. మగవాళ్ల గుంపులో సిగరెట్ పొగ మధ్య నిలబడటం ఇష్టంలేని అమ్మాయి ఉంటుంది. తెలుగు రాని ఒడియా కుర్రాడు ఉంటాడు. పని పంచేది అక్కడే అయితే, వాళ్లందరికీ తలుపు మూసేసినట్టే.

మాట వినకపోతే?

మూడు నాలుగు నెలలు అడిగినా కదలిక లేకపోతే స్కిప్ లెవెల్, అంటే మేనేజర్ పైన ఉన్న మేనేజర్‌తో మాట్లాడొచ్చు. అక్కడ కూడా మనుషుల గురించి కాకుండా పని గురించి మాట్లాడండి. 'ఆయనకి వాళ్లంటే ఇష్టం' అనేది అభిప్రాయం. 'ఏడాదిలో కొత్త డెవలప్‌మెంట్ పని నాకు ఒక్కటీ రాలేదు, ఈ తేదీల్లో మూడుసార్లు అడిగాను, ఇవిగో మెయిల్స్' అనేది వాస్తవం. ఇంకొకరి జీతం, హైక్ ప్రస్తావన తేవద్దు. మన మాట బలం అక్కడితో పోతుంది.

హెచ్‌ఆర్‌ వాళ్లు న్యాయమూర్తులు కారు, వాళ్లూ కంపెనీ ఉద్యోగులే. రాతపూర్వకంగా ఉన్నదాన్ని వాళ్లు పట్టించుకోక తప్పదు. 'నాకలా అనిపిస్తోంది' అన్నదాన్ని విని ఊరుకుంటారు.

ప్రైవేటు కంపెనీలో మేనేజర్‌కి ఒకరంటే ఎక్కువ ఇష్టం ఉండటం దానంతట అదే చట్టరీత్యా నేరం కాదు. కానీ కొన్ని గీతలున్నాయి. ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశ చూపించో, నష్టం చేస్తానని బెదిరించో లైంగికంగా లొంగదీసుకోవాలని చూస్తే అది 2013 నాటి పోష్ చట్టం ప్రకారం వేధింపు. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థలో ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి. ఘటన జరిగిన 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల వరకూ గడువు పెంచవచ్చు. ఒకే పనికి ఆడవాళ్లకి తక్కువ జీతం ఇవ్వకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది.

ఇంకోటి మనం పైకి మాట్లాడుకోం. "మీది ఏ ఊరు? ఇంటిపేరేంటి?" అనే ప్రశ్నలు. కొన్నిసార్లు అవి పలకరింపులే. కొన్నిసార్లు మాత్రం ఆ జవాబు మీదే పని పంపకం ఆధారపడుతుంది. అలా అనిపిస్తే ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారు, ఎవరు విన్నారు అన్నది అదే రోజు రాసిపెట్టుకోండి. చాలా కంపెనీల కోడ్ ఆఫ్ కాండక్ట్‌లో వివక్ష గురించి ఒక భాగం ఉంటుంది, ఫిర్యాదుకి ప్రత్యేకంగా మెయిల్ ఐడీ కూడా ఉంటుంది. జాయినింగ్ రోజు చదవకుండా 'ఐ అగ్రీ' కొట్టేసిన డాక్యుమెంట్ అదే. ఇప్పుడు తీసి చదవండి.

ఇక ఆఖరి దారి, వెళ్లిపోవడం. కోపంలో పేపర్ పెట్టకండి. ఐటీలో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 60 నుంచి 90 రోజులు ఉంటుంది. ఈఎంఐలు ఉన్నవాళ్లకి ఆ మూడు నెలలు పెద్ద పరీక్ష. ముందు కంపెనీలోనే వేరే టీమ్‌కి మారే వీలుందేమో చూడండి. అది కుదరకపోతే చేతిలో ఆఫర్ పెట్టుకుని కదలండి. మీ ఆరోగ్యం మీదకొస్తుంటే, ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పడం మొదలైతే, లెక్కలు కాస్త పక్కన పెట్టి త్వరగా కదలడమే మేలు.

తర్వాత నేనే టీ బ్యాచ్ అయ్యా

నేను కంపెనీ మారలేదు. రెండో ఏడాది రేటింగ్ కొంచెం మెరుగుపడింది, ప్రమోషన్ మాత్రం రాలేదు. ఆ తర్వాత మేనేజర్ మారారు. కొత్తాయన మొదటి మీటింగ్‌లోనే నా కాలేజీ పేరు విని "నువ్వూ మా కాలేజీయేనా? ఏ బ్యాచ్‌రా?" అన్నారు. మా ఇద్దరి హాస్టల్ మెస్ ఒకటే. అక్కడి నీళ్ల సాంబారు గురించి పావుగంట నవ్వుకున్నాం.

ఆ రోజు నుంచి నేను 'ఏరా' అయ్యా. మంచి పని నా దగ్గరికే వచ్చేది. నెలాఖరు మెయిల్ పెట్టడం కూడా మర్చిపోయా, దాని అవసరమే రాలేదు. ప్రమోషన్ వచ్చింది. నాన్నకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పా. అంతా నా ప్రతిభే అనుకున్నా. మనకి జరిగినప్పుడు అది ఫేవరిటిజంలా కనిపించదు.

ఓ రోజు మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చింది. "అన్నా, ఏడు నెలల నుంచి నాకు టెస్టింగ్ షీట్లు తప్ప ఏమీ రావట్లేదు. నేనేమైనా తప్పు చేస్తున్నానా?" అని అడిగింది. ఆ అమ్మాయి కోడ్ నేను చూశా. నా మొదటి ఏడాది కోడ్ కంటే చాలా బాగుంది.

రెండు రోజులు ఆలోచించా. ఎందుకు ఆలోచించాల్సి వచ్చిందో దాచను. ఆ అమ్మాయికి పని రావాలంటే నా దగ్గరున్నది కొంత పోవాలి. వచ్చే నెల క్లయింట్ డెమో నాది. మళ్లీ ఏప్రిల్ వస్తోంది.

మూడో రోజు టీ బండి దగ్గరే మేనేజర్‌తో అన్నా, "అన్నా, ఈసారి డెమో తనకిద్దాం. ప్రిపరేషన్ నేను చేయిస్తా." ఆయన కాసేపు నా వైపు చూసి, "నీకేం నష్టం లేదంటే నాకేం?" అన్నారు. నష్టం ఉంది. అయినా లేదన్నా. ఇంకోటి కూడా అడిగా. ఏ పని ఎవరికి వెళ్లిందో అందరికీ కనిపించేలా ఒక షీట్ పెడదామని. నైట్ డ్యూటీ, డెమోలు, కొత్త పనులు, అన్నీ వంతులవారీగా. ఆయన ఒప్పుకున్నారు. ఆశ్చర్యం ఏమిటంటే, పక్షపాతం చూపిస్తున్నానని ఆయనకసలు తెలియదు. షీట్‌లో నా పేరు ఎన్నిసార్లు ఉందో చూసుకుని ఆయనే నవ్వారు. "ఏంట్రా, అన్నీ నీకేనా ఇచ్చాను?"

డెమో రోజు ఆ అమ్మాయి రెండు చోట్ల తడబడింది. నేను తడబడినన్ని సార్లు కాదు. ఆ ఏప్రిల్‌లో నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. డెమో వల్లేనా అంటే చెప్పలేను. కాస్త బాధేసింది, అబద్ధమెందుకు.

మీలో కొందరు ఇప్పుడు నా మొదటి ఏప్రిల్‌లో ఉండి ఉంటారు. రాత్రి ఒంటిగంటకి మెయిల్ టైప్ చేస్తూ ఉంటారు. డ్రాఫ్ట్‌లో పెట్టి పడుకోండి. పొద్దున లేచాక దాని బదులు ఒక వన్ ఆన్ వన్ అడగండి, ఏ పని కావాలో పేరు పెట్టి అడగండి. ఇంకొందరు టీ బండి దగ్గర 'అన్న' పక్కన నిలబడి దీన్ని చదువుతూ ఉండొచ్చు. ఒక్కసారి తల తిప్పి, మీ టీమ్‌లో ఎవరు ఇంకా సీట్లోనే కూర్చుని ఉన్నారో చూడండి.

మా ఆఫీసులో ఇప్పుడు పని పంచే మీటింగ్ ఉదయం 11 గంటలకి, అందరూ ఉన్నప్పుడు జరుగుతుంది. సాయంత్రం 4కి టీకి మాత్రం ఇప్పటికీ వెళ్తున్నాం. అక్కడిప్పుడు క్రికెట్ తప్ప ఇంకేం మాట్లాడుకోవట్లేదు.